రెండు వేల రూపాయల వైఫై కార్డు: మా ఇంటి నెట్ స్పీడు పెరిగిందా?

ముందే చెప్పేస్తాను. నా పాత లాప్‌టాప్‌లో ఇంటెల్ ఏఎక్స్210 అనే వైఫై కార్డు పెట్టించాక మా ఇంటి ఇంటర్నెట్ ఒక్క ఎంబీపీఎస్ కూడా పెరగలేదు. నా లాప్‌టాప్‌లో మాత్రం 35 దగ్గర ఆగిపోయేది కాస్తా 94కి వచ్చింది. ఈ రెండూ వేరు వేరు విషయాలని తెలియక కార్డు కొని తిట్టుకునేవాళ్లున్నారు. అసలు కార్డు సంగతే తెలియక పెద్ద ప్లాన్ తీసుకుని నెలనెలా డబ్బు పోసేవాళ్లు అంతకంటే ఎక్కువమంది ఉన్నారు. మేమూ ఆ రెండో జాబితాలో చేరబోయాం.

విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంట్లోనే కూర్చుని నేను అకౌంట్లు రాస్తాను. చిన్న చిన్న షాపులు, ఇద్దరు ముగ్గురు మందుల హోల్‌సేల్ వాళ్లు, ఒక ఫంక్షన్ హాలు. వీళ్ల జీఎస్టీ రిటర్నులు, టాలీ ఎంట్రీలు నావే. ప్రతి నెలా 11వ తేదీ ఒకసారి, 20వ తేదీ ఒకసారి మా ఇంట్లో ఎవరూ నన్ను పలకరించరు. లాప్‌టాప్ 2018లో కొన్నది, ఎనిమిదో తరం ఐ5. మధ్యలో ర్యామ్ పెంచాను, హార్డ్ డిస్క్ తీయించి ఎస్ఎస్‌డీ వేయించాను. టాలీకి, ఎక్సెల్‌కి అది ఇంకా శుభ్రంగా సరిపోతుంది. కొత్తది కొనే ఉద్దేశం నాకు లేదు.

మాది 100 ఎంబీపీఎస్ ఫైబర్ ప్లాన్. హాల్లో కూర్చుని ఫోన్లో స్పీడ్ టెస్ట్ పెడితే 90 పైనే చూపిస్తుంది. అదే సోఫాలో లాప్‌టాప్‌లో పెడితే 30, 35, ఎప్పుడైనా 40. సాయంత్రం ఏడు దాటితే ఇంకా కిందికి. క్లయింటుతో స్క్రీన్ షేర్ చేసి లెడ్జర్ చూపిస్తుంటే "మేడమ్, మీ స్క్రీన్ ఆగిపోయింది" అనడం మామూలైపోయింది. నెట్ కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే 300 ఎంబీపీఎస్ ప్లాన్‌కి మారమన్నారు. మావారు సరే మారిపోదాం అనేశారు కూడా. నెలకి ఎనిమిది వందలు ఎక్కువ, పైన 18 శాతం జీఎస్టీ. ఏడాదికి ఎంతవుతుందో నేను లెక్కేసి చెప్పాక కొంచెం తగ్గారు.

హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మా అక్క కొడుక్కి ఫోన్ చేస్తే వాడు ఒకటే మాట అన్నాడు. "పిన్నీ, ప్లాన్ సంగతి తర్వాత. ముందు రూటర్ నుంచి లాప్‌టాప్‌కి లాన్ వైరు పెట్టి చూడు."

పెట్టాను. 94 వచ్చింది. 100 ఎంబీపీఎస్ పోర్టులో డేటాకి అటూ ఇటూ తగిలించే చిరునామాల్లాంటి వాటికి కొంత పోగా మిగిలేది అంతేనట. అంటే రూటర్ దాకా కంపెనీ ఇవ్వాల్సింది ఇస్తోంది, లాప్‌టాప్ కూడా వైరు మీద దాన్ని మొత్తం తీసుకోగలుగుతోంది. ఇక ఇబ్బంది వైఫైలోనే ఉండాలి. ఫోన్ అదే వైఫైలో 90 లాగుతోంది కాబట్టి రూటర్‌ది కూడా తప్పు కాదు. మిగిలింది లాప్‌టాప్ కడుపులో ఉన్న కార్డు.

మీరు డబ్బు పెట్టే ముందు చూసుకోవాల్సింది ఇదే, కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుతాను. విండోస్‌లో సెట్టింగ్స్‌కి వెళ్లి, వైఫై కింద మీరు కలిసి ఉన్న నెట్‌వర్క్ ప్రాపర్టీస్ తెరిస్తే అడుగున లింక్ స్పీడ్, ప్రోటోకాల్ (ఏ తరం వైఫై అనేది), నెట్‌వర్క్ బ్యాండ్ (ఏ తరంగాల మీద నడుస్తోందనేది) అని కనిపిస్తాయి. నాకు కనిపించినవి: 72 ఎంబీపీఎస్, వైఫై 4 అనే పాత తరం, 2.4 గిగాహెర్ట్జ్. ఈ 72 అనేది రూటర్‌కీ కార్డుకీ మధ్య కాగితం మీద ఉన్న వేగం. వైఫైలో ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి, వెళ్లేదీ వచ్చేదీ ఒకే గాలిలోంచి పోవాలి. అందుకే చేతికి వచ్చేది అందులో సగం, కొంచెం అటూ ఇటూ. నా 35 ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు అర్థమైంది. ఆ కార్డుతో 300 ప్లాన్ తీసుకున్నా, 1000 ప్లాన్ తీసుకున్నా నాకు వచ్చేది ఆ 35 మాత్రమే.

ఆ కాలంలో ముప్పై, నలభై వేల లాప్‌టాప్‌లలో చాలావాటికి ఇలాంటి కార్డే వచ్చేది. ఒకే యాంటెన్నా, 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే. డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్ల కింద పేరులో 802.11 తర్వాత బీ, జీ, ఎన్ అక్షరాలు మాత్రమే ఉంటే మీదీ దాదాపు అదే కోవ. పేరులో ఏసీ అని ఉంటే వైఫై 5, అంటే దాని తర్వాతి తరం. అది ఒకే యాంటెన్నాదైనా లింక్ 433 దాకా పోతుంది, 100 ప్లాన్‌కి ధారాళంగా సరిపోతుంది. అలాంటి వాళ్లు ఈ సమీక్ష చదవడం ఇక్కడితో ఆపేసి రెండు వేలు మిగుల్చుకోవచ్చు.

2.4లో ఇంకో తలనొప్పి రద్దీ. ఆ బ్యాండులో ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండే చానళ్లు 1, 6, 11 మూడే. మా ఇంటి వెనక అపార్ట్‌మెంట్ ఉంది. సాయంత్రమైతే నా లాప్‌టాప్‌లో వైఫై పేర్ల జాబితా ఓటర్ల జాబితాలా కనిపిస్తుంది. పైగా మైక్రోవేవ్ ఓవెన్, బ్లూటూత్ కూడా ఆ గాలిలోనే. 5 గిగాహెర్ట్జ్‌లో చోటు చాలా ఎక్కువ. మన దేశంలో ఆ బ్యాండులో 605 మెగాహెర్ట్జ్ మేర లైసెన్సు లేకుండా వాడుకోవడానికి కేంద్రం 2018లోనే అనుమతి ఇచ్చింది. పాత బ్యాండులో ఉన్నది మొత్తం కలిపి వందకి లోపే.

ఇక కొనడం. మా వాడు ఏఎక్స్210 అని పేరు రాసి పంపాడు, చివరి అంకె జాగ్రత్త అని మూడుసార్లు చెప్పాడు. ఎందుకో గవర్నర్‌పేటలో ఒక రిపేరు షాపుకి వెళ్లాక తెలిసింది. కౌంటర్లో అబ్బాయి ఏఎక్స్201 తీసి "రెండూ ఒకటే మేడమ్, ఇది ఇంకా తక్కువ రేటు" అన్నాడు. చూడ్డానికి నిజంగా ఒకటే, రెండూ పోస్టల్ స్టాంపంతే ఉంటాయి. కానీ 201 సగం కార్డే. మిగతా సగం పని ఇంటెల్ ప్రాసెసర్ వైపు జరగాలి, అది పదో తరం నుంచి ఉన్న బోర్డులకి. 211 కూడా ఆ రకమే, ఇంకా కొత్త తరాలకి. నా ఎనిమిదో తరం లాప్‌టాప్‌లో 201 పెడితే కార్డు ఉన్నట్టే గుర్తించదు. 200, 210 మాత్రం తమ పని తామే చేసుకునేవి. మామూలు ఎం.2 స్లాటు (ఇలాంటి చిన్న కార్డు గుచ్చే చోటు) ఉంటే పాత ఇంటెల్‌లోనూ, ఏఎండీ లాప్‌టాప్‌లలోనూ నడుస్తాయి. సరే, ఆ షాపులో కొనలేదు. పక్కా బిల్లు అడిగితే "బిల్లు కావాలంటే రేటు వేరు" అన్నారు. అకౌంటెంటుతో అనాల్సిన మాట కాదది.

ఆన్‌లైన్లో తెప్పించాను. రెండు వేల వంద పడింది, జీఎస్టీ బిల్లుతో. కవర్లో కార్డు తప్ప ఏమీ లేదు. స్క్రూ లేదు, కాగితం ముక్క లేదు. పాత కార్డు స్క్రూయే సరిపోతుంది కాబట్టి ఇబ్బంది రాలేదు.

బిగించడానికి ఏలూరు రోడ్డులో ఎస్ఎస్‌డీ వేసిన పాత టెక్నీషియన్ దగ్గరికే వెళ్లాను. వెనక మూత తీసి ముందుగా బ్యాటరీ కనెక్టర్ ఊడదీశాడు. ఇంట్లో సొంతంగా చేసేవాళ్లు దీన్ని మరిచిపోకండి. పాత కార్డు మీద చూస్తే నల్ల వైరు ఒక్కటే ఉంది. కొత్త కార్డుకి రెండు వైర్ల చోటు. "అక్కా, మీ దాంట్లో కంపెనీవాడు రెండో యాంటెన్నానే వేయలేదు" అన్నాడు. ఒకే యాంటెన్నా కార్డుకి రెండో వైరు ఎందుకని మిగిల్చేశారు. స్క్రీన్ చుట్టూ లాగాలంటే హింజి దగ్గర విప్పాలి, పాత ప్లాస్టిక్ విరగొచ్చు అన్నాడు. అందుకని అంటించే రకం యాంటెన్నా ఒకటి తెచ్చి, కీబోర్డు కింద అరచేయి పెట్టుకునే చోట లోపలి వైపు అతికించాడు. అక్కడ ఇనుము లేదు, అంతా ప్లాస్టిక్కే కాబట్టి సిగ్నల్‌కి అడ్డు రాదట. యాంటెన్నాకీ కూలికీ కలిపి ఐదు వందలు తీసుకున్నాడు. ఆ వైర్ల చివర బటన్లు ఎంత చిన్నవంటే, వేలి గోరుతో నొక్కితే టిక్కుమనాలి. కొంచెం వంకరగా నొక్కితే పిన్ను వంగిపోతుంది. చూశాక ఐదు వందలు ఎక్కువనిపించలేదు.

ఆన్ చేశాక వైఫై గుర్తే మాయం. కార్డుని నడిపించే సాఫ్ట్‌వేర్, అదే డ్రైవర్, లేదు. డ్రైవర్ దించుకుందామంటే నెట్ లేదు. ఫోన్‌ని యూఎస్‌బీ వైరుతో కలిపి దాని నెట్‌ని లాప్‌టాప్‌కి ఇచ్చే టెదరింగ్ పెట్టి ఇంటెల్ సైట్ నుంచి దించుకున్నాం. ముందే పెన్ డ్రైవ్‌లో వేసుకుని వెళ్తే ఆ తిప్పలు ఉండవు. విండోస్‌లో ఈ కార్డుకి 10, 11 డ్రైవర్లే ఉన్నాయి, అవీ 64 బిట్‌కే. పాత విండోస్ 7తో నెట్టుకొస్తున్న వాళ్లు దీని జోలికి పోవద్దు.

ఇంటికొచ్చి అదే సోఫాలో కూర్చున్నాను. లింక్ స్పీడ్ 866, బ్యాండ్ 5 గిగాహెర్ట్జ్. స్పీడ్ టెస్ట్ 94. ఫోన్లో ఎంతో ఇందులోనూ అంతే. ప్లాన్ 100 కాబట్టి కథ అక్కడితో ఆగింది. ఆగాలి కూడా.

అంకె కంటే నాకు పనికొచ్చింది ఇంకొకటి. ముందు రూటర్‌కి పింగ్ కొడితే, అంటే జవాబు ఎంతసేపటికి వస్తుందో చూస్తే, ఒకసారి 3 మిల్లీసెకన్లు, ఇంకోసారి 80, మధ్యలో ఒకటి రెండు జవాబులు గల్లంతు. వీడియో కాల్ ఆగిపోవడానికి కారణం ఈ ఎగుడుదిగుడేనని మా వాడు అన్నాడు. ఇప్పుడు హాల్లో 2, 3 మిల్లీసెకన్ల దగ్గర నిలకడగా ఉంటోంది. బ్లూటూత్ హెడ్‌సెట్ కథ కూడా మారింది. ఇదివరకు హెడ్‌సెట్ పెట్టుకుని కాల్‌లో ఉంటే గొంతు ముక్కలు ముక్కలుగా వచ్చేది. ఒకే యాంటెన్నా, ఒకే 2.4 గాలి, దాన్నే వైఫై, బ్లూటూత్ వంతులేసుకునేవి. ఇప్పుడు వైఫై 5 గిగాహెర్ట్జ్‌కి వెళ్లిపోయింది, బ్లూటూత్ తన పాత చోట తనుంది. నిజం చెప్పాలంటే ఈ ఒక్కదానికే రెండు వేలు ఇచ్చేదాన్ని.

పేరులో ఉన్న గొప్పల గురించి కూడా చెప్పాలి. దీని మీద వైఫై 6ఈ అనీ, 2.4 జీబీపీఎస్ అనీ ఉంటుంది. ఆ అంకె రావాలంటే రూటర్ కూడా వైఫై 6దై ఉండాలి, 160 మెగాహెర్ట్జ్ వెడల్పు చానల్ ఇవ్వాలి. మా నెట్ కంపెనీ ఇచ్చిన రూటర్ వైఫై 5. కాబట్టి ఈ కార్డు మా ఇంట్లో వైఫై 5 కార్డులాగే బతుకుతోంది. రేపు రూటర్ మారితే లింక్ 1200 చూపిస్తుందేమో గాని, 100 ప్లాన్‌లో దానివల్ల నాకు ఒరిగేది లేదు. ఇంట్లోనే ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పెద్ద ఫైళ్లు పంపేవాళ్లకి తేడా తెలుస్తుంది. నా టాలీ బ్యాకప్‌లు అంత పెద్దవి కావు. ఖర్చు తగ్గాలంటే పాత లాప్‌టాప్‌ల నుంచి తీసిన ఇంటెల్ 8265 లాంటి రెండు యాంటెన్నాల వైఫై 5 కార్డు చాలా తక్కువకి దొరుకుతుంది, నాలాంటి ఇంటికి అదీ చాలు. నేను కొత్తదే ఎందుకు తీసుకున్నానంటే, బిల్లు, వారంటీ లేని వస్తువు నేను కొనను, అంతే. లాప్‌టాప్ విప్పడం ఇష్టం లేనివాళ్లకి టీపీ-లింక్ ఆర్చర్ టీ2యూ నానో లాంటి యూఎస్‌బీ బుడిపె ఉంది. 5 గిగాహెర్ట్జ్ పట్టుకుంటుంది, వెయ్యి రూపాయల ప్రాంతంలోనే వస్తుంది. కాకపోతే ఒక పోర్టు పోతుంది, నా లాప్‌టాప్‌లో ఒకటి మౌస్‌కి, ఒకటి డిజిటల్ సంతకం డాంగిల్‌కి ఎప్పుడూ నిండే ఉంటాయి.

ఇప్పటిదాకా చెప్పినదంతా హాలు సంగతి. నేను పని చేసేది వెనక గదిలో. పాత ఇల్లు, తొమ్మిది అంగుళాల ఇటుక గోడలు, మధ్యలో రెండు. పాత కార్డుతో అక్కడ 18, 20 వచ్చేది. కొత్త కార్డు పెట్టాక 94 వస్తుందని ఆశపడి వెళ్తే 40. ఒక్కోసారి 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ ఒక గీతకి పడిపోయి, కార్డు తనంతట తను 2.4కి దిగిపోయేది. తరంగం పొట్టిదయ్యేకొద్దీ గోడలు దాన్ని ఎక్కువ తినేస్తాయి. గోడ ముందు ఏ కార్డూ చేసేదేమీ లేదు. రెండింతలు అయింది కదా అని సరిపెట్టుకోవచ్చు గాని, రెండు వేల ఆరు వందలు పెట్టాక మనసు ఒప్పుకోలేదు.

అప్పుడు చేసిన పని రూటర్ జరపడం. అప్పటిదాకా అది టీవీ స్టాండు కింది అరలో, సెట్‌టాప్ బాక్స్ వెనక, అత్తయ్యగారి రామకోటి పుస్తకాల పక్కన ఉండేది. లైన్‌మన్‌ని పిలిపించి ఫైబర్ వైరు పొడిగించి, నడవా గుమ్మం పైన చెక్క అర మీద పెట్టించాం. ఆయనకి టీ ఇచ్చి రెండు వందలు ఇచ్చాం. వెనక గదిలో 40 కాస్తా 80 అయింది. హాల్లో 94 అలాగే ఉంది. అంటే నేను కూర్చునే కుర్చీ దగ్గర కార్డు ఇచ్చింది ఇరవై, రూటర్ జరపడం ఇచ్చింది నలభై. కాకపోతే పాత కార్డు ఉండగా రూటర్ జరిపి ఉంటే ఆ 35 దగ్గరే మళ్లీ ఆగిపోయేవాళ్లం. రెండూ కావాల్సి వచ్చాయి. ఏది ముందు అని అడిగితే మాత్రం రూటరే ముందు జరపండంటాను, అది దాదాపు ఉచితం.

ఇంకో రెండు హెచ్చరికలు. కొన్ని పలచటి లాప్‌టాప్‌లలో వైఫై చిప్‌ని బోర్డుకే అతికించేస్తారు, మార్చడానికి కార్డే ఉండదు. వెనక మూత తీసి చూడకుండా, లేదా మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ చూడకుండా ఆర్డర్ పెట్టకండి. పదేళ్లు దాటిన కొన్ని ఆఫీసు రకం లాప్‌టాప్‌లకి బయోస్‌లోనే (ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రాం) ఒక జాబితా ఉంటుంది, అందులో లేని కార్డు పెడితే ఆన్ అవ్వకుండా ఎర్రర్ చూపించి ఆగిపోతాయి. అంత పాతవాటిలో చాలావాటికి స్లాటు కూడా వేరు, మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్ రకం. వైర్ల బటన్లు కూడా పెద్దవి, ఈ కార్డుకి పట్టవు.

20వ తేదీ సాయంత్రం జీఎస్టీ పోర్టల్ తిరుగుతూ ఉండిపోవడం మాత్రం ఏ కార్డుకీ తగ్గదు. అది అవతల సర్వర్ దగ్గర జాతర. ఒక క్లయింటు "మేడమ్, కొత్త వైఫై అన్నారుగా" అని దెప్పాడు కూడా.

ఐదుకి నాలుగు ఇస్తాను. కార్డుకి ఐదు ఇవ్వొచ్చు. కానీ కార్డు ఒక్కటే కొంటే పని అయిపోదు. యాంటెన్నా, కూలి, డ్రైవర్ తిప్పలు, రూటర్ స్థలం అన్నీ కలిస్తేనే అయింది. 300 ప్లాన్ ఆలోచన మావారు మానుకున్నారు. రూటర్ పైకెక్కాక టీవీ దాకా ఉన్న పొట్టి లాన్ వైరు చాలలేదు, టీవీని వైఫైలో పెడితే రాత్రి సీరియల్ మధ్యలో సున్నా తిరిగింది. మర్నాడే పదిహేను మీటర్ల క్యాట్ 6 వైరు తెప్పించి గోడ అంచు వెంట మేకులు కొట్టించాం. బిల్లు అత్తయ్యగారు తన పెన్షన్‌లోంచి ఇచ్చారు, వద్దన్నా వినలేదు.